బేరింగుల బండి: పరుగుకి ఒక్క రోజు, బ్రేకుకి నెల

ఏప్రిల్ 27, ఆదివారం

సెలవులిచ్చి నాలుగు రోజులు కాలేదు, ఇంట్లో ఫోను కోసం అప్పుడే మూడు యుద్ధాలు. పెద్దోడికి పదకొండేళ్ళు, చిన్నదానికి ఎనిమిది, వీళ్ళిద్దరూ చాలరన్నట్టు ఎదురింటి మాస్టారి మనవడు పొద్దున్నే పళ్ళు తోముకుని మా ఇంటికే వచ్చేస్తాడు. మూడో యుద్ధానికి తీర్పు చెబుతూ "మా చిన్నప్పుడు సెలవులంటే ఫోను కాదురా, బేరింగుల బండి" అని నోరు జారాను. అంతే. అదెలా ఉంటుంది, ఎక్కడ దొరుకుతుంది, నువ్వే చేశావా, మరి ఇన్నేళ్ళూ మాకెందుకు చెయ్యలేదు.

చూడనివాళ్ళ కోసం చెబుతున్నా. ఒక పలక, దానికి వెనకాల ఒక ఇరుసు, ముందు ఒక అడ్డకర్ర. లారీల్లోంచీ మోటార్లలోంచీ తీసి పారేసిన బాల్ బేరింగులే చక్రాలు, ముందు ఒకటి, వెనక రెండు. అడ్డకర్రని కాళ్ళతో తిప్పితే బండి తిరుగుతుంది. ఇంజనూ లేదు, పెడలూ లేదు, ఒకడు తోస్తే పోతుంది, పల్లం దొరికితే ఎవడూ తొయ్యకపోయినా పోతుంది. బ్రేకు అనే మాట మా రోజుల్లో లేదు. బొబ్బిలి దగ్గర మా ఊళ్ళో చెరువుగట్టు మీంచి దిగుతూ నేను నేరుగా కాలవలోకి పోయాను. గెడ్డం కింద నాలుగు కుట్లు. ఇప్పటికీ షేవింగ్ చేసుకునేటప్పుడు రేజరు అక్కడికొచ్చి ఆగుతుంది.

ఆ కుట్ల కథ మా ఆవిడకి పెళ్ళయిన కొత్తలోనే చెప్పి తప్పు చేశాను. "బ్రేకు లేకుండా ఆ బండి గేటు దాటదు" అంది. సరే అన్నాను. బ్రేకెంతలే, గంట పని.

ఏప్రిల్ 29

కర్ర దొరికింది. అటక మీద మా తాత నవ్వారు మంచం, కోడు ఒకటి విరిగి ఇరవై ఏళ్ళుగా పడుంది. వేప పట్టెలు, ఒక్కోటి ఆరడుగులు, మూడంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం, ఎక్కడా పురుగు లేదు. అమ్మని అడిగితే "ఒరే, మీ తాత పడుకున్న మంచంరా అది" అని కళ్ళు పెద్దవి చేసింది, అరగంటాగి తనే వచ్చి "పట్టెలు తీసుకోండి, కోళ్ళు మాత్రం ముట్టుకోకండి" అంది. ఆ మూడు కోళ్ళతో ఏం చేస్తుందో నాకు తెలీదు, అడగలేదు కూడా.

మే 3, శనివారం

ముగ్గురు పిల్లల్నీ వెంటేసుకుని గోపాలపట్నం నుంచి గాజువాక ఆటోనగర్ దాకా వెళ్ళాం. పాత బేరింగులు అక్కడ గుట్టలుగా ఉంటాయి. దుకాణం ఆయన "ఏటి బాబూ, గుంటలకి బండా? నానూ తోలీవోణ్ణి" (మా వైపు గుంటలంటే పిల్లలు) అని స్టూలు మీంచి లేచి మరీ ఏరి ఇచ్చాడు. వెనక్కి 6305 రెండు, ముందుకి 6306 ఒకటి, మూడూ కలిపి 180 రూపాయలు.

బేరింగు మీద చెక్కిన ఆ నంబరు ఊరికే వెయ్యరు. చివరి రెండంకెల్నీ అయిదుతో గుణిస్తే లోపలి బెజ్జం ఎన్ని మిల్లీమీటర్లో వచ్చేస్తుంది. 05 అంటే 25, 06 అంటే 30. ఈ లెక్క 04 నుంచి పైకే పనిచేస్తుంది, కింద ఉన్న 00, 01, 02, 03కి వరసగా 10, 12, 15, 17. ఈ సంగతి చెప్పాక ఇక వాళ్ళని అక్కడి నుంచి కదపడం నా వల్ల కాలేదు, గుట్టలోంచి ఒకడు నంబరు చదవడం, ఇంకొకడు బెజ్జం చెప్పడం, చిన్నది స్కేలు పెట్టి నిజమో కాదో చూడడం. ఇరవై ఎక్కం వల్లె వెయ్యమంటే తలనొప్పి వచ్చే పిల్లలు.

ఇంటికొచ్చాక పాత ప్లాస్టిక్ టబ్బులో డీజిల్ పోసి బేరింగులు నానబెట్టాం. ఒక గంటకి టబ్బులో నల్లటి కషాయం తయారైంది. పాత టూత్‌బ్రష్‌తో తోమి, తుడిచి, గ్రీజు కూరాం. వాళ్ళ నాన్నమ్మ చూసి "కందెన పెడుతున్నారా" అంది. పిల్లలకి ఆ మాట కొత్త. ఇరుసు, కందెన, ఇరుసు చివర చక్రం ఊడకుండా పెట్టే శీల, అన్నీ చెప్పి కూచుంది. చిన్నది రాత్రి అన్నం తింటూ "కందెన, కందెన" అని పాడుతూనే ఉంది.

మే 4, ఆదివారం

మొదటి బండి. పొద్దున ఆరుకి మొదలుపెట్టాం, తొమ్మిది దాటితే డాబా మీద నిలబడలేం.

ఇరుసు: మంచం పట్టెలో రెండున్నర అడుగుల ముక్క. రెండు చివర్లూ బాడిసతో చెక్కి, ఆకురాయితో గుండ్రంగా రాకాలి. బెజ్జం 25 మిల్లీమీటర్లయితే కర్ర మొదట్లో 24, లోపలికి పోయేకొద్దీ 26 ఉండేట్టు కొంచెం వాటంగా ఉంచాలి, అప్పుడే కొడితే బిగుస్తుంది. పెద్దోడు అయిదు నిమిషాలకోసారి బేరింగు పెట్టి చూస్తున్నాడు, నేను నాలుగు నిమిషాలకోసారి "ఇటియ్యి నేను చేస్తా" అంటున్నాను. చివరికి వాడే "నాన్నా, నువ్వెళ్ళి కాఫీ తాగిరా" అన్నాడు. వెళ్ళాను.

బేరింగు కొట్టేటప్పుడు సుత్తి బయటి చుట్టు మీద పడకూడదు, పడితే ఆ దెబ్బంతా గుళ్ళ మీద పడి గాడిలో గుంటలు పడతాయి, తర్వాత తిరిగినప్పుడల్లా గరగరమంటుంది. లోపలి చుట్టుకి సరిపోయే ఇనప పైపు ముక్క ఆనించి, ఆ పైపు మీద కొట్టాలి. ఈ సంగతి ఒక బేరింగుని గరగరలాడించాక గుర్తొచ్చింది.

మధ్య పలక ప్యాకింగ్ పెట్టె తాలూకు మామిడి చెక్క, అంగుళం మందం. ముందు అడ్డకర్రకి గాడి కోసి అందులో పెద్ద బేరింగు. అడ్డకర్రనీ పలకనీ కలిపేది 12 మిల్లీమీటర్ల బోల్టు ఒక్కటే, మధ్యలో రెండు పెద్ద వాషర్లు, వాటి నడుమ గ్రీజు. బెజ్జం నిటారుగా రావడానికి డ్రిల్లు పక్కన చిన్నది మూలమట్టం పట్టుకుని "కుడికి వంగింది, కుడికి" అని అరుస్తూ ఉంది.

పదకొండుకల్లా బండి అయిపోయింది. ఒక్క పూట! బ్రేకు మాత్రం లేదు. గేటు లోపలే, వాకిట్లోనే తిప్పారు, మూడు గజాలు ఇటు, మూడు గజాలు అటు. చూడ్డానికి పంజరంలో పులుల్లా ఉన్నారు.

మే 6

నా తప్పే, ఒప్పుకుంటున్నా. మా ఆవిడ బజారుకెళ్ళింది, నేను ఆఫీసు నుంచి వచ్చాను, పిల్లలు చూసిన చూపు అలాంటిది. గేటు తీశాను.

మా సందు సింహాచలం కొండ వార, మలుపు నుంచి కరెంటు స్తంభం దాకా నలభై మీటర్లు చక్కగా పల్లం, సిమెంటు రోడ్డు. పెద్దోడు కూచున్నాడు, మాస్టారి మనవడు తోశాడు. ఆ మోతని నేను ముప్ఫై ఏళ్ళ తర్వాత విన్నాను. సిమెంటు మీద ఉక్కు, వీధి మొత్తం దడదడదడ. స్తంభం దగ్గర కుడికి తిప్పుకోవాలి. వాడు కుడి కాలు ముందుకి తన్నాడు, బండి ఎడమకి పోయింది. పోవడం కూడా సరిగ్గా పోలేదు, ఉక్కు చక్రానికి సిమెంటు మీద పట్టు ఉండదు కదా, బేరింగు తిరిగి ఉన్నా బండి జారుకుంటూ తిన్నగా పోయి సున్నం గోడకి తగిలింది. మోకాలు చెక్కుకుపోయింది. ఒక హవాయి చెప్పు మడమ దగ్గర సగానికి అరిగిపోయింది, అదే వాడి బ్రేకు.

మాస్టారు బయటికొచ్చారు. మధ్యాహ్నం కునుకు పాడైన మనిషికి కోపం రావడం న్యాయం. "మిక్సీ రోడ్డు మీద పెట్టారేంటండీ" అన్నారు.

మా ఆవిడ ఏమందో రాయను.

మే 7

కుడి కాలు తంతే ఎడమకి పోయే సంగతి మీద పెద్ద చర్చ. నేను తప్పు బిగించానని మాస్టారి మనవడి అభిప్రాయం. కాగితం మీద బొమ్మ గీశాం: కుడి చివర ముందుకెళ్తే ఎడమ చివర వెనక్కొస్తుంది, చక్రం ఎడమకే చూస్తుంది. సైకిల్ హ్యాండిలూ అంతే, కానీ ఎవరూ గమనించరు. కాళ్ళ సంగతి వదిలేసి అడ్డకర్ర రెండు చివర్లకీ తాడు కట్టాం. కుడి తాడు లాగితే కుడికి, గొడవ లేదు. చిన్నది కుడి తాడుకి తన ఎర్ర రిబ్బను కట్టింది.

రాత్రి బ్రేకు గురించి మాట్లాడుకుంటుంటే అమ్మ అంది, వాళ్ళ పుట్టింటి దగ్గర గుట్ట దిగేటప్పుడు ఎడ్లబండి వెనక దుంగ ఒకటి గొలుసుతో కట్టి ఈడ్చుకుంటూ దిగేవారట, బరువు బండి ఎడ్ల మీదకి రాకుండా. చక్రాన్ని ఆపక్కర్లేదు, నేలని పట్టుకుంటే చాలు. నేనిక్కడ ఇంటర్నెట్టు తవ్వుతున్నాను, బ్రేకు పక్క గదిలో తాంబూలం నములుతోంది.

మే 10, శనివారం

చక్రాన్ని ఆపే బ్రేకు చేసి చూసి మరీ వదిలేశాం. బేరింగు బయటి చుట్టు మీద టైరు ముక్క ఆనించే మీట. నున్నటి ఉక్కు, టైరు ముక్క జారిపోతుంది. గట్టిగా నొక్కితే చక్రం ఆగిపోతుంది, బండి మాత్రం ఆగదు, ఆగిన చక్రాల మీద స్కేటింగ్ చేస్తూ పోతుంది. రోడ్డు మీద రెండు తెల్లటి గీతలు.

మే 11, ఆదివారం

నాన్నమ్మ బ్రేకు. బండి పక్కన రెండడుగుల మీట, కింది కొసకి పాత స్కూటర్ టైరు ముక్క, పైన లాగితే ముక్క రోడ్డుకి రాసుకుంటుంది. వేప కర్రకి స్క్రూలు రెండు విరిగాయి, ఎండిన వేప ఇనుమే. ముందు సన్న బెజ్జం వేసి, స్క్రూకి సబ్బు రాసి బిగిస్తే వెన్నలో దిగినట్టు దిగింది.

పనిచేసింది! కానీ బ్రేకు కుడిపక్క ఉండడంతో కుడిపక్క మాత్రమే ఆగింది, ఎడమపక్క తన దారిన తను పోయింది, పెద్దోడు గిర్రున తిరిగి మమ్మల్నే చూస్తూ కూచున్నాడు. సాయంత్రం మీటని పలక మధ్యకి మార్చాం. ఇప్పుడు తిన్నగా ఆగుతోంది, అయితే ఏడు మీటర్లు పడుతోంది. మీట గట్టిగా లాగే కొద్దీ టైరు ముక్క బండి వెనక భాగాన్ని కొంచెం పైకి లేపుతోంది, చక్రాల పట్టు ఇంకా తగ్గుతోంది.

ఏడు మీటర్లు అంటే చిన్న మాట కాదు. మా సందులో స్తంభం నుంచి అడ్డరోడ్డుకి తొమ్మిదే.

మే 14

అసలు ఈ పల్లంలో బండి ఎంత వేగం అందుకోగలదో తెలుసుకోవాలని పట్టుకుంది. పక్క వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రి దగ్గర నీటి మట్టం ట్యూబు అడిగి తెచ్చాం. పారదర్శకమైన పైపు, లోపల నీళ్ళు, రెండు చివర్లలో నీళ్ళు ఒకే ఎత్తులో నిలబడతాయి. అంతకంటే నమ్మకమైన పరికరం నేను చూడలేదు. పది మీటర్లకి ఒకసారి చొప్పున నాలుగు సార్లు కొలిస్తే 42, 39, 41, 38 సెంటీమీటర్లు. మొత్తం 160. నలభై మీటర్లకి 1.6 మీటర్ల దిగువ.

రాపిడి అసలు లేకపోతే అంత ఎత్తు దిగినవాడు, రాయైనా మనిషైనా, సెకనుకి 5.6 మీటర్ల వేగం అందుకుంటాడు. గంటకి ఇరవై కిలోమీటర్లు. మా బేరింగుల బండి నలభై మీటర్లూ దిగడానికి 24 సెకన్లు తీసుకుంది, సగటు వేగాన్ని రెండింతలు చేస్తే చివర్లో గంటకి 12 కిలోమీటర్లు. చిన్నచిన్న ఉక్కు చక్రాలు రోడ్డు గరుకుల్లో దడదడలాడుతూ మిగతాదంతా మోత కింద ఖర్చు పెట్టేస్తున్నాయి. మాస్టారి కునుకు పాడుచేసింది ఆ ఎనిమిది కిలోమీటర్లే.

మే 18, ఆదివారం

ఆ దడదడ ఇంకో పని కూడా చేసింది. మధ్య బోల్టు నట్టు కొంచెం కొంచెంగా వదులై, పొద్దున మూడో రౌండులో ఊడిపోయింది, ముందు చక్రం అడ్డకర్రతో సహా బండిని వదిలేసి కాలవలోకి వెళ్ళిపోయింది. అదృష్టం, అప్పటికి బండి ఇంకా మలుపు దగ్గరే ఉంది. చిన్నది పలక మీద అలాగే కూచుని "నాన్నా, స్టీరింగు ఎక్కడికెళ్ళింది" అని అడిగింది.

నవ్వాను గానీ లోపల వణుకు పుట్టింది. ఒక నట్టు మీద పిల్లని కూచోబెట్టాను. ఇక మీదట తిరిగే చోటల్లా లోపల నైలాన్ చుట్టు ఉండే లాక్ నట్లు, దాని కింద ఇంకో నట్టు. ప్రతి రౌండుకి ముందు నట్లు చెయ్యిపెట్టి చూసే పని మాస్టారి మనవడిది. వాడు దాన్ని పోలీసు ఉద్యోగంలా చేస్తున్నాడు.

ఇంకో నిర్ణయం: బేరింగుల బండికి ఇంతటితో సెలవు. మోత, జారుడు, వణుకు, మూడు చక్రాలతో మలుపులో ఒరిగిపోవడం. బ్రేకు బాగుపడాలంటే ముందు చక్రాలకి రబ్బరు ఉండాలి. పిల్లలు ఒప్పుకున్నారు, నేనే కాస్త బాధపడ్డాను.

మే 19

రాత్రి పిల్లలు వీడియోల్లో అమెరికా సోప్ బాక్స్ డెర్బీ పట్టుకున్నారు. మన బండి లాంటివే, ఇంజను లేకుండా వాలు మీద దిగే పోటీ. 1934లో ఒహాయోలోని డేటన్‌లో మొదలైంది, మరుసటి ఏడాది ఆక్రన్‌కి మారింది, 1936 నుంచి దానికోసమే కట్టిన డెర్బీ డౌన్స్ అనే వాలు ఉంది. 1935లో ఒక బండి అదుపు తప్పి, పక్కన నిలబడి రేడియోలో వ్యాఖ్యానం చెబుతున్నాయన్ని గుద్దేసింది. ఈ ముక్క మా ఆవిడకి వినపడేలా చదివింది మన చిన్నదే.

మే 22

వాన. పాత సామాన్ల దుకాణంలో 350కి పిల్లల సైకిలు ఒకటి, మన చిన్నదానికి పొట్టిదైపోయినది ఇంకొకటి. నాలుగు పన్నెండంగుళాల చక్రాలు సిద్ధం.

మే 25, ఆదివారం

సైకిల్ చక్రంతో చిక్కు ఇదీ. దాన్ని రెండు పక్కలా ఫోర్కు పట్టుకుంటుందని లెక్కేసి చేస్తారు. బండికి ఒక పక్కనే బిగించి రెండో పక్క గాలికొదిలేస్తే ఆ సన్నటి ఇరుసు రెండు రౌండ్లకే వంగిపోతుంది. వంగిపోయింది కూడా. అందుకని ప్రతి చక్రానికీ లోపలొక పలక, బయటొక పలక, వాటి కింద గాడి, గాడిలో ఇరుసు కూచుంటుంది. నాలుగు చక్రాలకి ఎనిమిది పలకలు, ఎనిమిది గాళ్ళు, అన్నీ ఒకే లోతులో ఉండాలి, లేకపోతే బండి కుంటుతుంది. నా రంపం పని చూసి నాకే సిగ్గేసి, వీధి చివర వడ్రంగి బాబాయిని పిలిచాను. ఆయన ఉలితో ఒక్కో గాడి తీస్తుంటే పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. గీత మీద ఉలి పెట్టడం, ఒక్క దెబ్బ, ముక్క ఎగిరిపడడం. పెద్దోడి చేతికి ఉలి ఇచ్చి "నీ వైపు కొట్టకు బాబూ, నీ నుంచి అవతలకి కొట్టు. రెండో చెయ్యి ఉలికి ఎనకే ఉండాల" అన్నాడు. వాడు తీసిన గాడి వంకరే, కానీ వాడిది.

ఇంకో అవమానం. పాత మామిడి పలకే వాడదామని, గట్టిగా ఉందో లేదో చూపించడానికి నేను ఎక్కి కూచున్నాను. నా బరువు 78. ఫట్‌మని మధ్యలో, సరిగ్గా ముడి ఉన్న చోట చీలింది. ముగ్గురూ కింద పడి నవ్వారు, వడ్రంగి బాబాయి మాత్రం మర్యాదగా అటు తిరిగాడు. దాని బదులు మంచం పట్టెలు రెండు, పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి పొడవునా వేశాం. ఎందుకో పిల్లలకి స్కేలుతో చూపించాను: పడుకోబెట్టి నొక్కితే వంగుతుంది, నిలబెట్టి నొక్కితే కదలదు. ఇంటి దూలాన్ని నిలువుగా ఎందుకు పెడతారో పెద్దోడికి అప్పుడు వెలిగింది, వెంటనే వెళ్ళి పెంకుటింటి వసారా దూలాలన్నీ చూసొచ్చాడు.

ఈసారి మేకులు లేవు, అన్నీ బోల్టులే. బోల్టులూ వాషర్లూ కలిపి 240.

మే 31, శనివారం

బండి దొర్లుతోంది. చప్పుడే లేదు. మాస్టారు గేటు దగ్గర నిలబడి "ఈ రోజు మీ వాళ్ళు తొక్కట్లేదా" అని అడిగారు, అప్పటికి వాళ్ళు ఆరుసార్లు దిగారు. తాడు కట్టి వెనక నేను పట్టుకున్నాను లెండి, బ్రేకు ఇంకా లేదు.

మలుపులో అడ్డకర్ర మరీ ఎక్కువ తిరిగితే చక్రం కాలికి తగులుతోంది, బండి కూడా ఒరుగుతోంది. అడ్డకర్ర వెనక అటొకటి ఇటొకటి రెండు చెక్క దిమ్మలు బిగించి తిరుగుడుకి హద్దు పెట్టాం.

జూన్ 1, ఆదివారం

బ్రేకు, నాలుగోసారి. వెనక చక్రాల ముందు ఒక అడ్డపట్టె, దాని రెండు కొసలకీ టైరు ముక్కలు. చేతిమీట లాగితే పట్టె వెనక్కెళ్ళి రెండు టైర్లనీ ఒకేసారి నొక్కాలి. మీట పొడవు 60 సెంటీమీటర్లు, అది తిరిగే బోల్టు కింది కొసలో, పట్టె అక్కడి నుంచి పదో సెంటీమీటరులో. అంటే బోల్టు నుంచి చేతికి 60, పట్టెకి 10, నాలుగు కిలోల బలంతో లాగితే అక్కడ ఇరవై నాలుగు కిలోలు నొక్కుతుంది. వదిలేస్తే పట్టె మళ్ళీ ముందుకి రావడానికి స్ప్రింగు బదులు పాత సైకిల్ ట్యూబు పీలిక.

ఒకేసారి నొక్కలేదు. ఎడమ టైరుని ముందు పట్టుకుంది, బండి ఎడమకి లాగింది. ఎడమ ముక్క పలచన చేశాం, కుడికి లాగింది. కుడిది పలచన చేశాం. మధ్యాహ్నం రెండయింది, ముక్కలు రెండూ అట్టముక్కల్లా అయ్యాయి, అందరికీ ఆకలి, నేను కేకలేశాను, చిన్నది ఏడ్చింది, పని ఆపేశాం.

సాయంత్రం వడ్రంగి బాబాయి టీకి వచ్చి అయిదు నిమిషాలు చూశాడు. పట్టెని నేను మీటకి రెండు బోల్టులతో గట్టిగా బిగించాను. "అదే తప్పు. మద్దిలో ఒక్క బోల్టే ఎయ్యండి, ఒదులుగా. తక్కెడ కాడ లాగ అదే సర్దుకుంటాది" అన్నాడు. ఒక బోల్టు పీకేశాం. పట్టె ఊగుతోంది, ముందు ఏ టైరుకి తగిలితే అక్కడ ఆగి, రెండో కొస రెండో టైరు మీదకి వెళ్తుంది, రెండు వైపులా సమానంగా నొక్కుతుంది. నెల రోజులుగా నేను బిగిస్తూ వచ్చాను, ఆయన వదులు చేసి బాగుచేశాడు. డబ్బు ఇస్తే తీసుకోలేదు, ఇంకో టీ తాగాడు.

జూన్ 4

బ్రేకు ముక్కల పోటీ. ఊరి ప్రయాణాల్లో సూట్‌కేసులు తూచే తూకం బండికి తగిలించి చదునులో లాగి చూశాం. బండి 18 కిలోలు, పెద్దోడు 32. బ్రేకు లేకుండా లాగితే కిలో కంటే కాస్త తక్కువ. బ్రేకు పట్టి లాగితే: ఉత్త వేపచెక్క 8 కిలోలు, స్కూటర్ టైరు ముక్క 13, హవాయి చెప్పు అడుగు 15. చెప్పే గెలిచింది, కానీ పది రౌండ్లకే అరిగి పొడి రాలింది. టైరు ముక్కే ఖాయం.

ఆ చెప్పు ఎవరిదో తర్వాత తెలిసింది. మా ఆవిడ బాత్రూం బయట ఒంటి చెప్పుతో నిలబడి ఉంది.

జూన్ 8, ఆదివారం

12న బడి తెరుస్తారు, అందుకని పరీక్ష ఈ రోజే. వైజాగ్‌లో కొత్త బండి కొంటే సంపత్ వినాయగర్ గుడికి తీసుకెళ్ళి పూజ చేయించడం అందరికీ అలవాటు, మన బండినీ తీసుకెళ్ళాలని పిల్లలు పట్టుపట్టారు. ఆటోలో పట్టదని నచ్చజెప్పి ఇంటి దగ్గరే పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. మా ఆవిడ నాలుగు నిమ్మకాయలు తెచ్చింది. చక్రాల కింద పెడుతుందనుకున్నాను. పెట్టలేదు, తీసుకుని సందులోకి నడిచింది.

స్తంభం దగ్గర సుద్దముక్కతో గీత గీసింది. అక్కడి నుంచి టేపు పెట్టి అయిదు మీటర్లు కొలిచి, రోడ్డుకి అడ్డంగా నాలుగు నిమ్మకాయలూ వరసగా పేర్చింది. "గీత మీద బ్రేకు వెయ్యాలి. నిమ్మకాయ నలిగితే బండి మళ్ళీ అటకెక్కుతుంది" అంది. అడ్డరోడ్డు మొదట్లో మాస్టారు విజిల్‌తో నిలబడ్డారు, ఎవరూ అడగలేదు, తనే తెచ్చుకున్నారు. హెల్మెట్లు, మోకాళ్ళకి తొడుగులు, కాళ్ళు లోపల, నట్లు పోలీసు చూసి సరే అన్నాడు.

ముందు పెద్దోడు. నలభై మీటర్లూ 19 సెకన్లు, అంటే గీత దగ్గర గంటకి 15 కిలోమీటర్లు, బేరింగులకంటే మూడు ఎక్కువ. గీత మీద లాగాడు, టైర్లు కీచుమన్నాయి, తిన్నగా ఆగాడు. టేపు పెడితే 4 మీటర్ల 10 సెంటీమీటర్లు. తర్వాత మాస్టారి మనవడు, 4 మీటర్ల 30. చిన్నది తేలిక, బలం తక్కువ, అందుకే దాని గురించే నాకు టెన్షన్. అది మీటని రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలింది, అంటే తాడు వదిలేసింది. బండి తిన్నగానే వచ్చి 3 మీటర్ల 80 దగ్గర నిలబడింది. తాడు వదలకూడదని తర్వాత గట్టిగా చెప్పాను, మళ్ళీ ఒంటి చేత్తో దింపాను, 4 మీటర్ల 60.

"నువ్వు కూడా" అంది మా ఆవిడ నన్ను చూసి.

78 కిలోలు. మంచం పట్టెలు కిర్రుమన్నాయి గానీ మోశాయి. గాలి మొహానికి కొడుతోంది, చెరువుగట్టు గుర్తొచ్చింది, గీత వచ్చేసింది, లాగాను. బరువైనవాడు ఆగడానికి ఎక్కువ దూరం కావాలన్న సంగతి లెక్క రూపంలో నాకు తెలుసు.

మూడు నిమ్మకాయలతో సాయంత్రం షర్బత్ చేసుకున్నాం. బండి అటకెక్కలేదు, నన్ను మాత్రం ఎక్కనివ్వకూడదని తీర్మానం అయింది. టైరు ముక్కలు ఇప్పటికే కాస్త అరిగాయి, వచ్చే ఆదివారం మార్చాలి.